పాలీన్ సీరియల్లో మిగిలిందెంత?

ప్రశ్న: ‘పెరిల్స్ ఆఫ్ పాలీన్’ మూకీ సీరియల్లో 20 భాగాలని చదివాను. నాకు దొరికిన వీడియోలో 9 మాత్రమే ఉన్నాయి. పైగా ఒక్కోటి 22 నిమిషాలే. మధ్యలో కోసేశారా?
– పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: మీరు చదివింది నిజమే. 1914 మార్చిలో అమెరికాలో విడుదల మొదలైనప్పుడు మొత్తం 20 భాగాలు. మొదటిది 3 రీళ్లు, మిగతావి రెండేసి. ఆ పూర్తి ప్రతి ఇప్పుడు లేదు. మీ దగ్గరున్నది 1916లో ఫ్రెంచి చిత్ర సంస్థ పాథే యూరప్ కోసం 9 భాగాలకు కుదించిన కూర్పు. కథనే కుదించారు కాబట్టి, కచ్చితంగా 11 భాగాలు పోయాయని లెక్క కట్టలేం.

కూర్పును గుర్తుపట్టడం తేలిక. ఆస్తి కోసం పాలీన్ ప్రాణం తీయజూసే సెక్రటరీ పేరు అసలు చిత్రంలో ఓవెన్, కుదించిన దాంట్లో కోయర్నర్. జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు మరి, విలన్‌కి జర్మన్ పేరు తగిలించారు. అందరూ చెప్పుకునే, పాలీన్‌ని రైలు పట్టాలకు కట్టేసే దృశ్యం కోసం వెతక్కండి. మిగిలిన 9 భాగాల్లో అది లేదు.

పోయిన కథ కావాలంటే, సినిమాతోపాటే అమెరికాలోని హెర్స్ట్ సంస్థ పత్రికలు దాన్ని ధారావాహికగా వేశాయి. సీరియల్ కథారచయిత చార్లెస్ గొడార్డ్ రాసిన నవల 1915లో వచ్చింది. కథ తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. తెరమీద ఏ షాటు తర్వాత ఏది వచ్చిందో చెప్పడానికి మాత్రం అవి సాక్ష్యం కావు.

ఇక నిడివి. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. రెండు రీళ్లంటే సుమారు 2,000 అడుగులు, 32,000 ఫ్రేములు. మూకీల నాటి వేగంతో సెకనుకు 16 చొప్పున ఆడిస్తే 33 నిమిషాలు, తర్వాతి టాకీల వేగంతో 24 చొప్పున అయితే 22. కాబట్టి ముందు వేగాన్ని అనుమానించండి, కోతను తర్వాత. ప్లేయర్లో వేగం 0.75కి తగ్గించండి. మనుషుల నడక సహజంగా కనిపిస్తే ఫిల్ము దాదాపు పూర్తిగా ఉన్నట్టే. కాళ్లీడ్చినట్టు కనిపిస్తే వేగం ముందే సరిచేశారన్నమాట. అప్పుడు కోత జరిగిందనుకోవచ్చు.

ప్రశ్న: మా పాత ఇంటి అటక మీద రేకు డబ్బాలో ఫిల్ము చుట్ట దొరికింది. ఘాటైన వాసన. ప్రొజెక్టర్లో వేసి చూడవచ్చా?
– పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: వద్దు. ముందు స్కేలు పెట్టి వెడల్పు కొలవండి. 35 ఎం.ఎం. ఉండి, 1951కి ముందుదైతే నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే పాతరకం ఫిల్ము, అనే అనుకోండి. అంచున ‘సేఫ్టీ’ (సులువుగా అంటుకోని రకం) అని ఉన్నా పూర్తిగా నమ్మకండి, వేరే ఫిల్ము నుంచి ప్రింటు తీసినప్పుడు ఆ అక్షరాలు కూడా దిగుతాయి. 16, 9.5, 28 ఎం.ఎం. ఇళ్లలో ఆడించుకునేవి, వాటితో నిప్పు భయం లేదు. వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్, అంటే సేఫ్టీ రకం ఫిల్ము.

నైట్రేట్ చెడేటప్పుడు పుట్టే ఆమ్లమే దాన్ని మరింత చెడగొడుతుంది. బొమ్మ వెలిసి పసుపెక్కుతుంది, తర్వాత జిగట, నురగ, చివరికి గోధుమరంగు పొడి. బాగా చెడిన చుట్ట 41 డిగ్రీల వేడిలో చాలాకాలం ఉంటే దానంతటదే అంటుకోగలదు. మే నెల కత్తిరి ఎండల్లో చెన్నై అటక ఆ వేడికి చేరుతుంది. కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కనుక ఇసుక పోసినా ఆరదు. ముక్క కాల్చి పరీక్షించే పని అసలు పెట్టుకోకండి.

డబ్బాను చల్లగా, గాలాడే చోటికి మార్చండి. మూత బిగించకండి, అతుక్కున్న పొరలు లాగకండి. లేబులుకి, పై చుట్టుకి ఫొటోలు తీసి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయండి. పార్శిల్లోగాని రైల్లోగాని పంపవద్దు, ఎలా తరలించాలో వాళ్లే చెబుతారు. చెత్తలో మాత్రం వేయకండి. మద్రాసులో తీసిన తొలినాటి మూకీలు ‘కీచక వధం’, ‘భీష్మ ప్రతిజ్ఞ’ రెండూ ఇప్పుడు లేవు.