బియ్యం కోసం పరుగెత్తిన ఆ శుక్రవారం, ఆ తర్వాత మా ఇంట్లో మారిన పద్ధతి

మీరు అడిగింది ఇది: సూపర్‌మార్కెట్‌కి వెళ్లిన ప్రతిసారీ బిల్లు పెరుగుతోంది, ఒక్కోసారి కావలసిన సరుకు అసలు ఉండటమే లేదు, అలాంటప్పుడు దొరికిన రోజే నాలుగు నెలలకు సరిపడా కొని పెట్టుకోవడం మంచిదా అని. మీరు ఏ ఊళ్లో ఉంటారో రాయలేదు. మాది మిర్యాలగూడ. పెళ్లయ్యాక డాలస్ దగ్గరికి వచ్చి పదేళ్లు దాటింది. అలా నెలల సరుకు ఒకేసారి ఎగబడి కొన్న అనుభవం నాకుంది. వద్దనే చెబుతాను. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఆ రోజు ఏం జరిగిందో కాస్త వివరంగా రాయాలి.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. అక్కడ సాయంత్రమంటే మాకు పొద్దున. కాఫీ తాగుతుండగానే మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, "సోనా మసూరి ఇక రాదట" అని. కాసేపటికి వీడియోలు మొదలయ్యాయి. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో మనవాళ్లు బండి నిండా బస్తాలు పెట్టుకుని తోసుకెళ్తున్నారు. మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "ఇక్కడ అందరూ లంచ్ టైములోనే వెళ్లి తెచ్చేసుకున్నారు, నువ్వింకా వెళ్లలేదా?" అప్పటికి అత్తయ్య, మామయ్య వచ్చి నెల అయింది, ఇంకో ఐదు నెలలు ఉంటారు. మామయ్యకు రెండు పూటలా అన్నం ఉండాల్సిందే. నాకు గుండె దడ మొదలైంది. ఇంట్లో సగం పైగా బస్తా ఉందన్న సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు.

దుకాణం పేరు రాయను. పార్కింగ్ దొరకడానికే పావుగంట పట్టింది. మామూలుగా అక్కడ తలుపు పక్కనే బియ్యం బస్తాలు నా తల ఎత్తున పేర్చి ఉంటాయి. ఆ రోజు అక్కడ నేల కనిపిస్తోంది. చెక్క బల్ల మీద ఏడెనిమిది బస్తాలు అడ్డదిడ్డంగా పడున్నాయి. ఒకదాని మూల చినిగి బియ్యం కారిపోయాయి, జనం వాటి మీదే నడుస్తున్నారు. బియ్యపు గింజ కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకోమని మా నానమ్మ నేర్పింది. ఆ సాయంత్రం నేనూ ఆ గింజల మీదుగానే నడిచాను. నడిచి నాలుగు బస్తాలు బండిలో వేసుకున్నాను.

20 పౌండ్ల బస్తా, అంటే తొమ్మిది కిలోలు. అంతకు ముందు నెల 19 డాలర్లకు కొన్నాను. గోడకు అంటించిన చీటీ మీద ఇంకా 19 అనే ఉంది. బిల్లు వేసే చోట 38 అన్నారు. "చీటీ మార్చే టైము దొరకలేదండీ" అన్నాడు కౌంటర్‌లో ఉన్నాయన, నా ముఖం చూడకుండా. నేను మాట్లాడకుండా కార్డు ఇచ్చేశాను. నా వెనక ముప్పై మంది ఉన్నారు.

బయటికి వస్తుంటే ఒక అబ్బాయి ఎదురొచ్చాడు. వీపుకి కాలేజీ బ్యాగు ఉంది. లోపల ఖాళీ అయిపోయిందని చూసి వచ్చినట్టున్నాడు. "అక్కా, డెంటన్ నుంచి వచ్చానక్కా. రూములో నలుగురం. మీ దగ్గర నాలుగున్నాయి కదా, ఒకటి నాకిస్తారా, డబ్బులిచ్చేస్తాను" అన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది, అప్పుడే డబ్బు పంపేయడానికి. "మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు బాబూ" అన్నాను. అతను ఇంకేం అడగలేదు. "సరేలే అక్కా" అని పక్క దుకాణం వైపు నడిచాడు. ఇన్నేళ్లయినా ఆ "సరేలే అక్కా" నా చెవిలోంచి పోలేదు. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి ముఖ్య కారణం ఆ మాటే.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన నా కంగారంతా విని, "బియ్యం లేకపోవడమేంది తల్లీ, ఇక్కడ మిల్లుల్లో ధాన్యం పట్టక బయట టార్పాలిన్లు కప్పి పెట్టిన్రు" అన్నారు. మిర్యాలగూడ సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, అక్కడ వీధికో రైస్ మిల్లు. నాన్న టెన్షన్ వేరు. సాగర్ ఎడమ కాలువకు ఆ ఏడు నీళ్లు వదులుతారో లేదో అని ఒకటి, నాలుగు రూపాయలు రేటు వచ్చే టైముకి ఎగుమతి ఆపితే రైతుకు ఏం మిగులుతుందని ఇంకొకటి. ఇక్కడ మేము బియ్యం దొరకదని ఏడుస్తుంటే అక్కడ పండించిన మనిషి ధర పడిపోతుందని భయపడుతున్నాడు. ఆ రెండూ ఒకే ఆర్డరు వల్ల.

ప్రభుత్వం భయం కూడా ఉత్తదేం కాదు. ఏడాదిలో దేశంలో బియ్యం చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని ఆ ప్రకటనలోనే ఉంది. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే ఎల్ నినో వచ్చింది. ఆ ఆగస్టు 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టులన్నింట్లోకీ వానలు తక్కువ పడిన నెల. ప్రపంచ మార్కెట్లో అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం ఇండియాదే కాబట్టి ఆ గేటు మూస్తే అన్ని దేశాల్లోనూ ధర కదులుతుంది. కానీ మేము ఆ రోజు చదవకుండా వదిలేసినవి కొన్ని ఉన్నాయి. ఆపింది ఇండియా ఎగుమతి చేసే మొత్తం బియ్యంలో నాలుగో వంతు మాత్రమే. బాస్మతి ఆపలేదు, ఉప్పుడు బియ్యం ఆపలేదు. అప్పటికే ఓడల్లోకి ఎక్కిస్తున్న సరుకును వెళ్లనిచ్చారు. ఇండియా నుంచి అమెరికాకు ఓడ రావడానికి నెల, నెలన్నర పడుతుంది. అంటే మేము బస్తాల కోసం తోసుకుంటున్నప్పుడు సముద్రంలో దారిలో ఉన్న బియ్యమే చాలా ఉండాలి. దుకాణాల వెనక గోదాముల్లో ఉన్నది అదనం. ఆ వారం డాలస్‌లో బియ్యం అయిపోలేదు, అరల మీద అయిపోయాయి. రెండు నెలల్లో అమ్ముకునే సరుకును అందరం రెండు రోజుల్లో మోసుకుపోయాం కాబట్టి.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. ముందే వేసుకోవాల్సింది. మా ఆరుగురికి, పిల్లలిద్దరితో కలిపి, రోజుకు కుక్కర్ గ్లాసుతో నాలుగు గ్లాసులు. గ్లాసు దాదాపు 150 గ్రాములు, అంటే రోజుకు 600 గ్రాములు. తొమ్మిది కిలోల బస్తా పదిహేను రోజులు వస్తుంది. నాలుగు బస్తాలు రెండు నెలలు, ఇంట్లో ఉన్నదానితో కలిపి ఇంకో వారం పైన. వంటగదిలో చోటు లేక గ్యారేజీలో పెట్టాం. టెక్సాస్ ఆగస్టులో గ్యారేజీ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యలో మామయ్యకు షుగర్ ఎక్కువైందని డాక్టరు రాత్రిపూట అన్నం మానేయమన్నారు, వాడకం తగ్గిపోయింది. అక్టోబరులో మూడో బస్తా విప్పాను. పైన తుట్టె కట్టింది. గిన్నెలో పోసి నీళ్లు పోస్తే ముక్కపురుగులు నల్లగా పైకి తేలాయి. అత్తయ్య నోరెత్తి ఒక్క మాట అనలేదు. చేట లేదు కాబట్టి పెద్ద పళ్లెం తీసుకుని బాల్కనీలో కూర్చుని రెండు రోజులు ఏరారు. నాలుగో బస్తా ఏరడానికి వీల్లేకుండా పోయింది. 38 డాలర్లు పెట్టి కొన్న బియ్యం పారబోశాం. ఏ బస్తానైతే ఆ అబ్బాయికి ఇవ్వనన్నానో అది.

తర్వాత ఏమైందంటే, రెండు వారాల్లో మా పక్క దుకాణాల్లో మళ్లీ బస్తాలు కనిపించాయి, ఇంటికి ఒకటే అన్న బోర్డుతో. సెప్టెంబరుకి బోర్డు తీసేశారు. ధర మాత్రం మళ్లీ 19కి రాలేదు, మా దగ్గర 25 డాలర్ల అటూ ఇటూ నిలబడింది. 2024 సెప్టెంబరు 28న ఎగుమతికి మళ్లీ అనుమతించారు. ఆ పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో అన్నం లేని రోజు ఒక్కటి లేదు. కొన్నాళ్లు థాయ్ జాస్మిన్ బియ్యం వండాం. దానికి నీళ్లు బాగా తగ్గించాలి, గ్లాసుకి గ్లాసుంపావు చాలు. మొదటిసారి సోనా మసూరి కొలతలో రెండు గ్లాసులు పోసి ముద్ద చేశాను. పెరుగన్నానికి అది బాగుంటుంది, పులిహోరకు పనికిరాదు. పులిహోరకు ఇక్కడి అమెరికా పొడుగు గింజ బియ్యం నయం, పొడిపొడిగా వస్తుంది. ఇడ్లీకి ఉప్పుడు బియ్యం ఎలాగూ దొరుకుతూనే ఉన్నాయి.

రెట్టింపు ధరకు అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. టెక్సాస్‌లో ఇలా ధర పెంచి దోచుకోవడాన్ని అడ్డుకునే చట్టం ఉంది, కానీ అది విపత్తు ప్రకటించినప్పుడే పనిచేస్తుంది. తుఫాను వస్తే వర్తిస్తుంది, బియ్యం వార్త వస్తే వర్తించదు. మీరు ఇండియాలో ఉంటే మీ చేతిలో అంతకన్నా బలముంది. ప్యాకెట్ మీద అచ్చయిన ఎమ్మార్పీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పొచ్చు. విడి సరుకుకు ఆ రక్షణ లేదు, అక్కడ రైతు బజారు బోర్డు మీద రాసే ధర చూసి బేరమాడండి. 2023లోనే టమాటా కిలో వంద దాటిపోయినప్పుడు ఆంధ్రాలో రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మించారు. విజయవాడలో ఉండే మా పిన్ని పొద్దున్నే లైన్లో నిలబడి తెచ్చుకునేది. పక్క సూపర్‌మార్కెట్‌లో అదే టమాటా మూడింతలు.

ఇక్కడ ఒక తేడా మాత్రం గమనించండి. అన్ని కొరతలూ జనం పరుగు వల్ల వచ్చినవి కావు. 2025 మొదట్లో మాకు గుడ్లు దొరకలేదు. అది నిజమైన కొరత. బర్డ్ ఫ్లూ వల్ల కోళ్లను కోట్లలో చంపేశారు, పిల్ల పెరిగి గుడ్డు పెట్టాలంటే ఐదు నెలలు కావాలి. మార్చిలో అమెరికా సగటు ధర డజనుకు 6.23 డాలర్లు. అప్పుడు నేను ఎక్కడికీ పరుగెత్తలేదు. వారానికి రెండు డజన్లు వాడే ఇల్లు ఒక డజనుకు దిగింది, ఆమ్లెట్ బదులు పిల్లలకు పెసరట్టు వేశాను. కొన్ని నెలలకు ధర దానంతట అదే దిగింది. పాడైపోయే సరుకు దాచలేం కాబట్టి అక్కడ చేయగలిగింది తగ్గించుకోవడమే.

మరి ఇప్పుడు మా ఇంట్లో ఎలా అంటే, ప్రతి సరుకూ ఒకటి వాడకంలో, ఒకటి విప్పకుండా అదనంగా. బియ్యం, కందిపప్పు, నూనె, గోధుమపిండి, ఇంతే. విప్పిన రోజు తేదీ బస్తా మీద మార్కర్‌తో రాస్తాను. అదనంగా ఉన్నది విప్పిన వారంలో ఇంకొకటి కొంటాను, ఆ వారం వార్తల్లో ఏమున్నా సరే. కొత్తగా తెచ్చిన బియ్యాన్ని చిన్న సంచుల్లో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగు గుడ్లు చచ్చిపోతాయి. తీశాక చెమ్మ ఆరేదాకా ఆగి డబ్బాలో పోయాలి, లేదంటే ముక్కిపోతాయి. ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లు ఎండుమిర్చి, వేపాకు వేసుకోండి, అమ్మ ఇప్పటికీ అదే చేస్తుంది. నూనె మాత్రం ఒక నెలకు మించి దాచకండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల పొద్దుతిరుగుడు నూనె ఆగి, ఆ పైన ఇండోనేషియా ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు అమ్మ భయపడి 15 కిలోల డబ్బా కొనేసింది. మే 23కే వాళ్లు నిషేధం ఎత్తేశారు. ధరలు దిగాయి, ఆ డబ్బా దసరా దాకా మిగిలి వాసన పట్టింది.

ఆగస్టులో మాత్రం ఒక బస్తా అదనంగా తెస్తాను. అప్పుడు కొత్త పిల్లలు కాలేజీల్లో దిగుతారు, కారు ఉండదు, దుకాణం ఎక్కడో తెలియదు. గ్రూపులో ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను. ఎవరూ అడగకపోతే సెప్టెంబరులో మేమే వండుకుంటాం.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: నాలుగు నెలలకు కొనకండి. ముందు మీ ఇంట్లో ఆ సరుకు రోజుకు ఎంత అవుతుందో ఈ రాత్రే కొలిచి చూడండి, చాలావరకు కంగారు అక్కడే తగ్గుతుంది. మీకు ఏ సరుకు దొరకట్లేదో, ఏ ఊరో కింద రాయండి. కందిపప్పు అయితే బదులుగా పెసరపప్పుతో సాంబారు ఎలా చేస్తున్నామో చెబుతాను.