కింద తిప్పినంతసేపూ ఊరుకుంటుంది, పైకొచ్చాక పోస్తుంది

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. మూడు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చి మూడు వారాలైంది. అరగంట కింద తిప్పినా ఏమీ చేయదు. పైకి తెచ్చి వదలగానే హాల్లో తివాచీ మీద పోస్తుంది. ఫినాయిల్ పెట్టి తుడుస్తున్నాం. తప్పు తెలియాలని ముక్కు అక్కడ రాసి ఒక దెబ్బ వేస్తున్నాం. ఇప్పుడు సోఫా వెనక దూరి మరీ చేస్తోంది. ఇది మొండిదా, మాకే చేతకావడం లేదా?

జవాబు: మొండిది కాదు. సోఫా వెనక దూరుతోందంటే మీరు నేర్పింది నేర్చుకుందన్నమాట. కాకపోతే అది నేర్చుకున్నది ‘ఇంట్లో పోయకూడదు’ అని కాదు, ‘వీళ్ల కళ్లెదుట పోయకూడదు’ అని. కింద మీరు పక్కనే నిలబడితే బిగబట్టుకోవడానికీ అదే కారణం కావచ్చు. ముక్కు రాయడం, కొట్టడం ఇవాళే మానేయండి. పోస్తుండగా కంటపడితే మెల్లగా పిలిచి, ఎత్తుకుని సరైన చోటికి తీసుకెళ్లండి. అయిపోయాక చూస్తే తుడుచుకోవడమే, తిట్టినా ఎందుకో దానికి అర్థం కాదు.

ఇంకో మాట. మూడు నెలలకు టీకాలు పూర్తయి ఉండవు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుకు వేసే టీకా చివరి డోసు మామూలుగా 16 వారాల వయసులో పడుతుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, డాక్టరు సరేననేదాకా వీధికుక్కలు తిరిగే చోట దించకండి. అందాకా బాల్కనీలో ఒక మూలే దాని మరుగుదొడ్డి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ప్లాస్టిక్ ట్రేకి అడుగున చిల్లులు పెట్టి, నర్సరీల్లో చాపలా చుట్టి అమ్మే లాన్ గడ్డి పరవండి. కుక్కపిల్ల కాలికి తగిలే స్పర్శను బట్టి చోటు గుర్తుపెట్టుకుంటుంది. మెత్తగా, తడి పీల్చేలా ఉంటుంది కనుకే మీ తివాచీ దానికి నచ్చింది. దాన్ని చుట్టి రెండు నెలలు అటక మీద పెట్టండి. గడ్డికి అలవాటుపడితే రేపు కింద పచ్చిక మీద పోయడానికీ ఇబ్బంది పడదు. మొదటి రోజు మూత్రం తుడిచిన గుడ్డ ముక్కను ఆ గడ్డి మీద వేసి ఉంచండి.

ఇక వేళలు. నిద్ర లేవగానే, తిన్న అయిదు నుంచి ఇరవై నిమిషాల్లోపు, ఆట మధ్యలో, పడుకునే ముందు తీసుకెళ్లాలి. ఇవి కాక మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. నిద్రలో మూడు నాలుగు గంటలు ఆపుకోగల పిల్ల ఆటలో ముప్పావుగంట కూడా ఆపుకోలేదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇక వ్యవధి లేదు, ఎత్తుకోండి.

లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) వేసి ట్రే దగ్గరికి తీసుకెళ్లి అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. ఆడించొద్దు, ముచ్చట్లు పెట్టొద్దు. పోస్తున్నప్పుడు ‘పోసుకో’ లాంటి ఒకే మాట మెల్లగా అనండి. అవగానే, ఒకటి రెండు సెకన్లలో, ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ గోరంత ముక్క అక్కడే నోటికందించండి. వంటింట్లోకి వచ్చి ఇస్తే, వంటింట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

అసలు కిటుకు పోయనప్పుడు చేసే పనిలో ఉంది, చాలామంది తప్పేదీ అక్కడే. అయిదు నిమిషాలైనా పోయకపోతే లోపలికి తెచ్చి వదిలేయకండి. ఒళ్లో కూర్చోబెట్టుకోండి, లేదా లీష్ నడుముకు కట్టుకోండి, లేదా అది నిలబడి తిరిగి పడుకునేంత బోనులో ఉంచండి. బోను మరీ పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. పది పదిహేను నిమిషాలాగి మళ్లీ ట్రే దగ్గరికి. పోశాకే హాల్లో వదిలేది, అదీ అరగంటే. రేపు కింద తిప్పేటప్పుడు కూడా పోసిన వెంటనే తిప్పడం ఆపేసి పైకి లాక్కురావద్దు. అలా చేస్తే ఇంకాసేపు తిరగడం కోసం బిగబట్టుకోవడం నేర్చుకుంటుంది.

ఫినాయిల్ మన ముక్కునే మోసం చేస్తుంది, కుక్కకు ఆ వాసన కింద మూత్రం వాసన తెలుస్తూనే ఉంటుంది. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకితే దానికి హాని. పాత గుడ్డతో అద్ది, చన్నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను మూలంలోనే విరగ్గొట్టే ద్రవం) పోసి పదిహేను నిమిషాలు నాననిచ్చి ఆరనివ్వండి. ముందు ఫినాయిల్ వేస్తే ఎంజైమ్ సరిగా పనిచేయదు. విట్రిఫైడ్ టైల్స్ అయితే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి వాడొచ్చు. మార్బుల్, తాండూరు, కడప రాళ్ల మీద మాత్రం వద్దు, పులుపుకు మెరుపు పోయి మచ్చ పడుతుంది. బ్లీచింగ్ అసలొద్దు, మూత్రంతో కలిసి ఘాటు వాయువు వస్తుంది.

తిండి పొద్దున ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఏడు గంటలకు పెట్టి, పావుగంటకు గిన్నె తీసేయండి. తినే వేళ కుదిరితే రెంటికి వెళ్లే వేళ దానంతటదే కుదురుతుంది. పాలు మానేయండి. చాలా పిల్లలకు విరేచనాలవుతాయి, అప్పుడు ఎంత నేర్పినా ఆపుకోలేవు. పగలు నీళ్ల గిన్నె మాత్రం తీయొద్దు. రాత్రి పదిన్నరకు చివరిసారి, రెండున్నరకు అలారం పెట్టుకుని ఒకసారి తీసుకెళ్లండి. మూడు రాత్రులు పొడిగా గడిస్తే అలారం పావుగంట ఆలస్యంగా మోగేలా పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆరు నెలల నాటు ఆడ కుక్కపిల్ల బయటే పోస్తుంది. కానీ మావారు ఆఫీసు నుంచి రాగానే ఆయన కాళ్ల దగ్గర చుక్కలు చుక్కలుగా పోస్తోంది. కోప్పడితే ఇంకా ఎక్కువైంది. (విజయవాడ)

జవాబు: చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లు ముడుచుకుని పోస్తోందా? అయితే అది భయభక్తుల దండం, అలవాటు తప్పడం కాదు. కోప్పడితే దండాలు పెరుగుతాయి, అంతే. ఆయన్ని వచ్చాక అయిదు నిమిషాలు దాని వంక చూడొద్దనండి. తర్వాత పక్కకు తిరిగి గొంతుక్కూర్చుని, తల మీద కాకుండా గడ్డం కింద నిమరాలి. మొదటి పలకరింపు గుమ్మం బయటే అయితే తుడిచే పని కూడా తప్పుతుంది. వయసు వచ్చేకొద్దీ చాలా కుక్కలకు ఇది పోతుంది.

అలా కాకుండా రోజంతా మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తున్నా, మూత్రంలో ఎరుపు కనిపించినా, నిద్రలో పక్క తడుపుతున్నా మూత్రనాళ ఇన్ఫెక్షన్ చూడాలి. పొద్దున్నే పోసే మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి, గంట రెండు గంటల్లో పశువుల డాక్టరుకు చేర్చండి.