ఒకే పళ్ళెం వీడియో చూశాక మా నానీకి

నానీ,

నువ్వు పంపిన వీడియో ఇప్పటికి ఆరుసార్లు చూశాను రా. మీ కుక్కలు బ్రూనో, నల్లోడు, కొత్త కుక్కపిల్ల, మూడూ ఒకే పెద్ద పళ్ళెంలో తలలు పెట్టి తింటున్నాయి, కింద నువ్వేమో "ఎంత ఐకమత్యమో చూడు పెద్దమ్మా" అని రాశావు. మొదటిసారి నేనూ మురిసిపోయాను, రెండోసారి చూస్తే నల్లోడు మీద చూపు ఆగిపోయింది. వాడు తినట్లేదు రా, మింగుతున్నాడు. మెడ బిగుసుకుపోయి ఉంది, మూతి పళ్ళెంలోనే ఉంది కానీ కళ్ళు మాత్రం పక్కకి తిప్పి పిల్లనే చూస్తున్నాడు, ఎంత పక్కకి అంటే కంట్లో తెల్లగుడ్డు కనపడేంత. తోక ఊపుతున్నాడు కదా అంటావు, తోక సంగతి వదిలెయ్, కోపంగా ఉన్న కుక్క కూడా తోక ఊపుతుంది. పిల్ల ఇంకో రెండంగుళాలు ముందుకి జరిగి ఉంటే ఆ వీడియో నాకు పంపేవాడివి కాదు, పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడివి.

తిడుతున్నాను అనుకోకు, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తున్నావు కాబట్టి ఇంత పొడుగు రాస్తున్నా. నా దగ్గర ఒకప్పుడు నాలుగుండేవి గుర్తుందా, అందులో ముసలిది చిట్టి. అప్పుడు నేనూ వరసగా గిన్నెలు పెట్టేసి, వంటింట్లో పని చూసుకుని, వచ్చి గిన్నెలు తీసేదాన్ని. నాలుగు గిన్నెలూ అద్దంలా ఉండేవి, ఆహా అన్నీ బాగా తింటున్నాయి అనుకునేదాన్ని. ఓ రోజు దానికి స్నానం చేయిస్తుంటే తడిసిన బొచ్చు కింద వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగిలింది, గుండె జారిపోయింది. తూకం వేయిస్తే పద్దెనిమిది కిలోలు ఉండాల్సింది పద్నాలుగు ఉంది. పళ్ళు పాడైపోయి నమల్లేక రెండు ముద్దలు తిని పక్కకి జరిగిపోతే మిగతాది పక్కవాళ్ళు నాకేసేవాళ్ళు, ఎన్ని వారాలుగా అలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఒక్క కుక్క ఉన్న ఇంట్లో అయితే గిన్నెలో తిండి మిగిలిపోయిన మొదటి రోజే తెలిసిపోయేది. కుక్కకి ఒంట్లో బాలేదని మనకి ముందుగా చెప్పేది ఆ మిగిలిన తిండే, ఒకే పళ్ళెంలో పెడితే ఆ కబురు మనదాకా రాదు.

అందుకని ఈ రోజు రాత్రి నుంచే ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి చోటు వాళ్ళది. బ్రూనోని వంటింట్లో, నల్లోడిని వరండాలో, పిల్లని క్రేట్‌లో, అదే ఆ కుక్కల బోనులో, పెట్టి తలుపేసి పెట్టు. ఒకే గదిలో తలో మూల పెడితే చాలదా అంటావేమో, మీ ఇంట్లో అయితే చాలదు, బ్రూనో తనది అర నిమిషంలో ఊదేసి పక్క గిన్నె దగ్గర నిలబడే రకం, వాడలా నిలబడితే చాలు నల్లోడు ఇంకా వేగంగా మింగుతాడు. పెట్టాక పదిహేను ఇరవై నిమిషాలు చూడు, తిన్నా తినకపోయినా గిన్నె తీసెయ్, తీసేటప్పుడు ఎవరు ఎంత మిగిల్చారో ఒక్కసారి చూడు. అన్ని గిన్నెలూ తీసి పైన పెట్టాకే తలుపులు తియ్యి, లేకపోతే తలుపు తీయగానే ఒకడి ఖాళీ గిన్నె ఇంకొకడు నాకడానికి వెళ్ళి అక్కడ మొదలవుతుంది గొడవ. రోజంతా గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి ఉంచే అలవాటుంటే అదీ మానెయ్, ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో అది అస్సలు కుదరదు.

నల్లోడు గుర్రుమంటే మాత్రం వాడిని కొట్టకు, అరవకు. గుర్రుమనడం అంటే వాడు నోటితో చెప్తున్నాడు దగ్గరికి రావొద్దని. దానికి తిట్లు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది కానీ కోపం మానదు, ఇక చెప్పకుండానే కరుస్తుంది. వీధిలో పెరిగినవాడు కదరా, తిండి దగ్గర భయం ఉండటం తప్పేం కాదు. తలుపు వెనక ప్రశాంతంగా తినడం అలవాటైతే నెలా రెండు నెలల్లో మింగడం తగ్గి నమలడం మొదలెడతాడు, నువ్వే చూస్తావు.

ఇక ఎంత పెట్టాలి అన్నది. పిల్లకి మూడు నెలలే కదా, నాలుగో నెల దాటేదాకా రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం, తర్వాత ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆపైన రెండు పూటలు. పెద్దవాళ్ళిద్దరికీ రెండు పూటలే. పిల్ల తిండి పిల్లకే పెట్టు, అందులో బలం ఎక్కువ, బ్రూనో అది దొంగతనంగా తింటే ఇంకా ఊరతాడు. ఆ పిల్ల పెద్ద జాతిది అంటున్నావు కాబట్టి పెద్ద జాతి పిల్లల కోసం చేసిన ఫుడ్డే తీసుకో, దాని మీద ఎవరో చెప్పారని కాల్షియం టానిక్ పొయ్యకు. కాల్షియం ఎక్కువైతే ఎముకలు గట్టిపడటం మాట అటుంచి వంకర్లు తిరుగుతాయి. ఫుడ్ మార్చాలంటే ఒక్కరోజులో మార్చకు, వారం పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ పో, లేకపోతే ముగ్గురికీ విరేచనాలు పట్టుకుంటే ఇల్లు కడగలేక నువ్వు పడిపోతావు.

కప్పుతో కొలవడం మానేసి చిన్న కాటాతో గ్రాముల్లో తూచు. నీ కప్పు, మీ ఆవిడ కప్పు ఒకటి కాదు, బ్రూనో అలాగే పీపాలా అయ్యాడు. లావో సన్నమో తెలుసుకోవడం చాలా తేలిక, పక్కటెముకల మీద చెయ్యి వేసి మెల్లగా తడుము, తర్వాత నీ చెయ్యే తడిమి చూసుకో. పిడికిలి బిగిస్తే గుట్టల్లా లేచే కణుపుల్లా ఎముకలు తగిలితే బక్కగా ఉన్నట్టు, చెయ్యి చాపినప్పుడు వేళ్ళ వెనక తగిలినట్టుంటే సరిగ్గా ఉన్నట్టు, అరచెయ్యి కండలో తడుముకున్నట్టుంటే లావైనట్టు. బ్రూనోకి అరచెయ్యి కాదు దిండు తగులుతుంది, నాకు వీడియోలోనే తెలిసింది. ట్రీట్లు కూడా లెక్కలోకే వస్తాయి, రోజు మొత్తం తిండిలో పదోవంతు దాటకూడదు. ముగ్గురు మనుషులు ముగ్గురు కుక్కలకి ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇస్తూ పోతే ఆ లెక్క ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పొద్దున్నే ఎవరి వాటా వాళ్ళకి డబ్బాలో వేసి పెట్టు, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే, కళ్ళు ఎంత దీనంగా పెట్టినా సరే.

నెలకోసారి తూకం తప్పకుండా చూడు. పిల్లని ఎత్తుకుని నువ్వు కాటా ఎక్కి, తర్వాత నువ్వొక్కడివే ఎక్కి తీసెయ్. బ్రూనోని ఎత్తబోయి నడుం పట్టేసుకోకు, వాడిని డాక్టరు దగ్గర ఉన్న కాటా మీదే నిలబెట్టు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ముగ్గురి పేర్ల కింద బరువులు రాస్తూ పో, అదే కాగితం మీద నులిపురుగుల మందు తేదీ, టీకాల తేదీ, ఎవరికి ఏ మందు నడుస్తోందో కూడా రాయి. నీకు నవ్వుగా ఉంటుంది కానీ మా ఇంట్లో ఒకసారి నేను పొద్దున మాత్ర వేశాను, మీ పెదనాన్న వెయ్యలేదేమో అనుకుని మళ్ళీ వేశారు, ఆ మాట రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. కుక్కకి ఏం కాలేదులే కానీ ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మాత్ర వేసేటప్పుడు కూడా తలుపు వేసి ఒక్కడికే వెయ్యి, ఉమ్మేస్తే పక్కవాడు తినేస్తాడు. మన మాత్రలైతే అసలే వద్దు, నొప్పి అని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి వేశావంటే ప్రాణం మీదకి వస్తుంది.

నులిపురుగుల మందు, పిడుదుల మందు ముగ్గురికీ ఒకే రోజు పెట్టుకో, ఒకడికి వేసి ఇంకొకడికి వెయ్యకపోతే అవి వీడి మీంచి వాడి మీదకి తిరుగుతూనే ఉంటాయి. డోసు మాత్రం ఎవరి బరువుని బట్టి వాళ్ళకి, పెద్దోడి మందు సగం చేసి పిల్లకి వెయ్యొద్దు. మెడ మీద పోసే మందైతే ఆరేదాకా విడిగా ఉంచు, ఒకళ్ళనొకళ్ళు నాకేసుకుంటారు. పిల్లకి టీకాలు పదహారు వారాల దాకా విడతలుగా పడాలి, అవి పూర్తయ్యేదాకా ఊళ్ళో కుక్కలన్నీ తిరిగే చోట దింపకు, పార్వో అనే మాయదారి జబ్బు మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది.

ఇంకో చిక్కు చెప్తా. పెరట్లో పల్చటి విరేచనం కనపడుతుంది, ముగ్గురూ అమాయకంగా చూస్తుంటారు, ఎవరిదో ఎలా చెప్తావు? కుదిరితే లీష్ పట్టుకుని ఒక్కొక్కళ్ళని విడిగా తీసుకెళ్ళు, అదే బెస్టు. కుదరకపోతే అనుమానం ఉన్నవాడి తిండిలో క్యారెట్ తురిమి కలుపు, అది సరిగా అరగదు, మర్నాడు ఆ ఎర్ర ముక్కలు ఎక్కడ కనపడితే అది వాడిదే. నేను ఈ పని చేసి రెండు రోజులు అనుమానించిన కుక్క నిర్దోషి అని తేల్చాను తెలుసా. రక్తం పడినా, వాంతులు కూడా తోడైనా, పిల్ల ఒక్క పూటకి మించి తినడం మానేసినా ఈ పరిశోధనలన్నీ పక్కన పెట్టి ముగ్గురినీ వేసుకుని వెళ్ళు.

చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, ఉల్లిపాయ, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపి పదార్థం వేసిన షుగర్‌లెస్ చూయింగ్ గమ్, వండిన ఎముకలు, ఇవి ఏవీ వద్దని నీకు తెలుసు, మళ్ళీ చెప్పను. తెలియనిది ఇదీ, చింపేసిన చాక్లెట్ కవర్ దొరికితే ఎవడు తిన్నాడో వెతుక్కుంటూ కూర్చోకు, మొత్తం ఒక్కడే తిన్నాడు అనుకుని ముగ్గురికీ విడివిడిగా లెక్క వేసి డాక్టరుకి ఫోన్ చెయ్యి, వాంతి చేయించాలా వద్దా అన్నది ఆయనే చెప్తాడు, నువ్వు ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించకు. అలాగే తిన్న కాసేపటికి ఎవరికైనా పొట్ట డోలులా ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాక, నిలబడలేక తిరుగుతుంటే పొద్దున చూద్దాం అనుకోకు, అర్ధరాత్రి అయినా పరిగెత్తు, పొట్ట మెలి తిరిగితే గంటల్లో పోతారు. పెద్ద ఛాతీ ఉన్నవాటికి, గబగబా మింగేవాటికి అది ఎక్కువ, నల్లోడి మింగుడు గురించి నా కంగారులో సగం అదే.

కొట్టుకుంటే? చేతులు పెట్టకు. నా మణికట్టు మీద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేవాడివి, కాలిందని చెప్పాను కదా, కాలలేదు, కుక్కలు కొట్టుకుంటుంటే మా రాజుగాడి మెడ పట్టుకుని లాగబోతే వాడు వెనక్కి తిరిగి ఎవరో కూడా చూడకుండా కొరికాడు. రెండు గిన్నె మూతలు పట్టుకుని గట్టిగా మోగించు, నీళ్ళు పొయ్యి, దుప్పటి విసురు, మధ్యలోకి కుర్చీ తోసెయ్. విడిపోయాక వేరే గదుల్లో పెట్టి బొచ్చు పక్కకి తీసి చూడు, పైకి పంటి గాటు చిన్నగానే ఉంటుంది, లోపల చీము పడుతుంది, డాక్టరుకి చూపించాల్సిందే. నిన్ను కరిస్తే సబ్బు పెట్టి పావుగంట పారే నీళ్ళ కింద కడుక్కుని, ఇంటి కుక్కే కదా అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళు.

అన్నట్టు పిల్ల ఆడది, బ్రూనోకి ఆపరేషన్ అయిందా? కాకపోతే ఇప్పుడే అడుగు. పిల్ల ఆరో నెల నుంచి ఎప్పుడైనా ఎదకి రావొచ్చు, ఆ టైముకి నువ్వు తేరుకునే లోపు ఇంట్లో పది అవుతాయి.

నీళ్ళు మాత్రం ఒక్క చోట పెట్టొద్దు, మూడు కుక్కలకి నాలుగు గిన్నెలు, వేరే వేరే గదుల్లో, రోజూ కడిగి మార్చు. కుక్క కిలో బరువుకి యాభై అరవై మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, అంటే ఇరవై కిలోల కుక్కకి లీటరు పైమాటే, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఎవడైనా అదే పనిగా గిన్నెలు ఖాళీ చేస్తుంటే అది షుగరో కిడ్నీయో అయ్యుండొచ్చు, కాగితం మీద రాసి డాక్టరుకి చూపించు.

ఆ పెద్ద పళ్ళెం పారెయ్యకు, బానే ఉంది. వరండాలో నీళ్ళు పోసి పెట్టు, ఆ నాలుగో గిన్నె అదే అవుతుంది. రాత్రికి తలుపులు వేసి పెట్టాక నల్లోడి వీడియో ఒక్కటి పంపు, వాడొక్కడిదే, దూరం నుంచి తియ్యి.

మీ పెద్దమ్మ