నాన్న మంచాన ఉండగా నేను పాడవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. సౌదీ అరేబియాలో వెల్డరుగా పనిచేస్తున్నాను. నాన్నకు మూత్రపిండాలు దెబ్బతిని, పలాసలో డయాలసిస్ చేయిస్తున్నారు. ఊళ్లో ఆయన తప్పెటగుళ్ల జానపద ఆటపాటల జట్టుకు ముందుండి పాడేవారు, నేను వెనుక అడుగు వేసేవాడిని. ఇక్కడ డ్యూటీ దిగాక ఫోన్ చూస్తూ పడుకోవడం తప్ప ఏదీ చేయబుద్ధి కావడం లేదు. మొన్న శుక్రవారం గదిలో పాత పాట ఎత్తుకుంటే ప్రాణం తెరిపిన పడింది కానీ, నాన్న అలా ఉంటే నాకు పాటలేమిటని వెంటనే సిగ్గేసింది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: నిస్సంకోచంగా పాడండి. మీ సోంపేట, పలాసలున్న ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు ఇంటింటి కథ కాబట్టి మీ దిగులు మాకు కొత్త కాదు. అయితే మీ ఇంట్లో జబ్బుపడిన మనిషే పాటగాడు కావడం వల్ల, మీకు ఊరటనిచ్చేదేదో ఆయనకూ ఊరటనిచ్చే అవకాశం ఉంది.

డయాలసిస్ ఒక్కో విడతకు ఇంచుమించు 4 గంటలు పడుతుంది. అంతసేపు కదలకుండా పడుకున్న మనిషికి “తిన్నావా, ఎలా ఉంది” అన్న రోజువారీ పలకరింపు కన్నా, తనకు వచ్చిన విద్య గురించి కొడుకు అడగడం ఎంతో హాయినిస్తుంది. గంగమ్మ పాటలో మీరు మరిచిపోయిన చరణాన్ని ఆయననే అడగండి. అక్కడ ఉదయం 9 గంటలైతే మీకు 6.30 మాత్రమే, పనిరోజుల్లో అది సైటుకు పరుగెత్తే వేళ. కనుక ఆయన ఓపిక ఉన్నప్పుడు పాడి వాట్సాప్‌లో పంపిన ముక్కను మీరు రాత్రి విని, నోటుబుక్కులో రాసుకుని, మీ గొంతుతో పాడి తిరిగి పంపండి. తప్పులు దిద్దే పెద్దరికం ఆయనకే వదిలేయండి.

రొమ్మున వేలాడే తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా ఎగిరే ఆట క్యాంపు గదిలో కుదరదు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవారూ ఉంటారు కాబట్టి తొడమీద మెల్లగా దరువు వేసుకుంటే చాలు. పక్క మంచం బీహారీ అబ్బాయి తన ఊరి పాట అందుకుంటే మరీ మంచిది. వీడియోలు పెట్టే ఆత్రం మాత్రం వద్దు, లైకులు లెక్కపెట్టుకోవడం మొదలైతే అదీ ఓవర్‌టైమే అవుతుంది! జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు ఎండలో పని నిషేధించిన మధ్యాహ్నం 12 నుండి 3 గంటల సమయాన్ని నీళ్లకూ నిద్రకూ ఉంచుకోండి.

జీతం ఆగినా, పాస్‌పోర్టు లాక్కున్నా పాటతో సర్దుకుపోకుండా రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికో జెడ్డా కాన్సులేట్‌కో ఫిర్యాదు చేయండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోతే వైద్యునికి చూపించుకోండి. ఇంటి దగ్గర మీ అమ్మగారు కుంగిపోతుంటే, ఆమె ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.