దత్తమా, ధారాదత్తమా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చారిత్రక కథలో "1800లో నిజాం రాయలసీమను ఆంగ్లేయులకు ధారాదత్తం చేశాడు" అని రాశావు. ఆ వాక్యం మార్చాలి.

ధారాదత్తం అంటే నీళ్లు ధార పోసి, బదులు ఏమీ కోరకుండా ఇచ్చేయడం. పత్రికల్లో ఇప్పుడది నిందగా మారింది. సర్కారు భూమిని అయినవాళ్లకు కట్టబెడితే ఆ మాట వాడతారు. నిజాం అలీ ఖాన్ ఊరికే ఇవ్వలేదు. మైసూరు యుద్ధాల తర్వాత 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన నేలను, తన రక్షణకు ఉంచిన ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద, 1800 అక్టోబరు 12 ఒడంబడికతో వదులుకున్నాడు. దానికి "దత్తం" చాలు. కంపెనీవాళ్లు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, మనం దత్తమండలాలు అన్నాం. సినిమా పంపిణీదారులు నేటికీ "సీడెడ్" అనేది దాన్నే. "దత్తత మండలాలు" అని మాత్రం రాయకు, దత్తత పిల్లల్ని తీసుకోవడం. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో పెట్టింది; నీ కథలోని రైతు నోట అది రాకూడదు.

దత్తం అనాలంటే ఇచ్చేవాడికి హక్కుండాలి, ఒడంబడిక ఉండాలి, సార్వభౌమాధికారం పూర్తిగా చేయి మారాలి. ఎక్కువమంది తప్పేది ఈ చివరిదాని దగ్గరే. 1853లో నిజాం నేల అయిన బీరారు (నేటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పాలన కంపెనీకి పోయింది, 1902లో శాశ్వత కౌలు అయింది, అయినా సార్వభౌమత్వం నిజాందే. అక్కడ "అప్పగించాడు" అను. కర్నూలును 1839లో నవాబును తొలగించి కలుపుకున్నారు, ఇచ్చినవాడే లేడు.

యానాం దగ్గర తేదీలు చూసుకో. పాలన 1954లోనే మన చేతికొచ్చింది. ఫ్రాన్సు దత్తం చేసే ఒడంబడికపై సంతకాలు 1956 మే 28న, అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న.

దేశం లోపలి మార్పుకు ఈ మాట అసలు వద్దు. 2014లో పోలవరం ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, అంతే. పరాయి దేశానికి నేల ఇవ్వాలంటే రాజ్యాంగాన్నే సవరించాలని 1960లో పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారిలో కొంత భాగాన్ని పాకిస్థాన్‌కు ఇచ్చే విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది.

"ఇవ్వబడ్డాయి" అనకు, ఇచ్చినవాడు మరుగున పడతాడు. ఎవరు, ఎవరికి, ఏది, దేనికి బదులుగా అన్నవి వాక్యంలోనే కనబడాలి. నీ వాక్యాన్ని ఇలా మార్చు: "1800లో నిజాం అలీ ఖాన్, కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా, బళ్లారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు."