పాత చిన్న కారు గతుకుల్లో టకటకలాడుతుంటే సస్పెన్షన్ మొత్తం మార్చాలా?

పదేళ్లు దాటిన చిన్న కారు, చిన్న గతుకు తగిలినా ముందు వైపు నుంచి టకటకా శబ్దం, మెకానిక్ చూస్తే సస్పెన్షన్ మొత్తం దించేసి కొత్తది వేద్దామంటున్నాడు, కారు రేటుకి అంత ఖర్చు అవసరమా అని కదా మీరడిగింది. నా దగ్గరా అలాంటి పాత బండే ఉంది, ఏళ్లుగా దాంతో కిందా మీదా పడుతూనే ఉన్నా కాబట్టి చెప్తున్నా, మొత్తం మార్చక్కర్లేదు. శబ్దం ఎక్కడిదో పట్టుకోకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి తప్ప శబ్దం పోదు.

ముందు డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి, స్టెప్నీ పక్కన జాకీ, పానాలు లూజుగా పడి ఉంటే కూడా ఇలాగే మోగుతుంది, డ్రైవింగ్ సీట్లో కూర్చున్న చెవికి అది ముందు నుంచా వెనక నుంచా అనేది సరిగా తెలీదు. తర్వాత టకటక వస్తున్నప్పుడు బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి చూడండి, ఠక్కున ఆగిపోతే గొడవ సస్పెన్షన్‌ది కాకపోవచ్చు, బ్రేక్ ప్యాడో, దాన్ని నొక్కే కాలిపర్ తాలూకు పిన్నో లూజై ఊగుతూ ఉంటుంది. టైర్లలో గాలి కూడా చూసుకోండి, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క ప్రకారం. గాలి ఎక్కువైతే బండి గట్టిగా కొడుతుంది, గతుకుల ఊపు ఆపే షాకర్లు పోయాయేమో అని మనం భయపడతాం.

ఇవేవీ కాదని తేలాక, స్పీడ్ బ్రేకర్ మీదకి మెల్లగా, తిన్నగా ఎక్కించండి, అంటే ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా. ఆ తర్వాత ఒక పక్క చక్రం మాత్రమే గుంతలో పడేలా పోనివ్వండి. రెండూ కలిసి ఎక్కినప్పుడు పెద్దగా ఏం లేదు గానీ ఒక్క చక్రమే పడినప్పుడు టకటకమంటుంటే ముందుగా అనుమానించాల్సింది స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల సస్పెన్షన్‌నీ కలిపే ఇనుప కడ్డీ) చివర్లుండే లింక్ రాడ్లని, లేదా ఆ బార్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లని. ఎందుకంటే చక్రాలు రెండూ ఒకేసారి లేస్తే ఆ బార్ మెలితిరగదు, లింకుల మీద పెద్దగా బలం పడదు. పాత చిన్న కార్లలో ఇలా మోగేవి ఎక్కువగా ఇవే, సస్పెన్షన్ పార్టుల్లో చవకైనవి కూడా ఇవే. నా బండిలో షాకర్లు పోయాయని ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు, తీరా చూస్తే లింక్ రాడ్ చివర గుండు చేత్తో ఆడిస్తేనే లొడలొడలాడుతోంది, దాని మీద రబ్బరు తొడుగు చిరిగిపోయి లోపల గ్రీజు బదులు ఎర్రటి తుప్పు నీళ్లు ఉన్నాయి. అది మార్చాక శబ్దం పోయింది, షాకర్లు అవే ఉన్నాయి.

అలాగని శబ్దం ఒక్కటే చూసుకుని వదిలేయొద్దు. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివరుండే బాల్ జాయింట్, స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ చివరుండే టై రాడ్ ఎండ్, ఈ రెండూ ప్రాణం మీదకొచ్చే పార్టులు, ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది లేదా స్టీరింగ్ మాట వినదు. ముందు చక్రం గాల్లోకి లేపి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపండి. కుడీ ఎడమా ఆడితే టై రాడ్ ఎండ్ గానీ అదే కడ్డీ లోపలి చివరుండే ర్యాక్ ఎండ్ గానీ అయ్యుంటుంది. పైనా కిందా ఆడితే ఒకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి, ఆట పోతే వీల్ బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ వైపు చూడాలి. ఇందులో ఏది ఆడినా వచ్చే నెల చూద్దాం అనుకోవద్దు.

ఇక లోయర్ ఆర్మ్‌ని బండికి కలిపే చోట ఉండే బుష్‌లు. బ్రేకు వేసినప్పుడో, రివర్స్ నుంచి ముందుకి కదిలినప్పుడో ఒక్కసారి ధన్ అని కొడితే, లేదా బ్రేకు వేయగానే బండి ఓ పక్కకి లాగితే అనుమానం వీటి మీదే. వీటి గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే కొత్తవి వేసినా తొందరగా పోతున్నాయని చాలామంది పార్టుని తిడతారు, చాలాసార్లు తప్పు బిగించడంలో ఉంటుంది. మామూలు రబ్బరు బుష్‌లో లోపలి ఇనుప గొట్టం, బయటి గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు. బోల్ట్ బిగిస్తే లోపలి గొట్టం అక్కడే బిగుసుకుపోతుంది, ఆర్మ్ కదిలినంతసేపూ మెలితిరిగేది రబ్బరే. బండి లిఫ్ట్ మీద ఉండి చక్రాలు కిందకి వేలాడుతున్నప్పుడే ఆ బోల్ట్ ఫుల్ టైట్ చేసేస్తే, బండి కిందకి దించగానే ఆ రబ్బరు తడి గుడ్డ పిండినట్టు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, కదలకుండా నిలబెట్టినా సరే, దాంతో ఎక్కువ కాలం పట్టకుండానే చిట్లుతుంది. నాకు మొదటిసారి వేసిన షెడ్డులో సరిగ్గా ఇదే చేశారు, కొన్ని నెలలకే మళ్లీ కిర్రుకిర్రు. రెండోసారి వేరే అతను బోల్ట్‌లు చేత్తో పట్టేంతవరకే బిగించి, బండిని చక్రాల మీదకి దించి, బంపర్ పట్టుకుని పైకీ కిందకీ ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాడు, ఇప్పటికీ చప్పుడు లేదు. కాబట్టి ఏం పార్టు వేస్తున్నావని అడిగేకంటే చివరి బిగింపు ఎప్పుడు వేస్తావని అడగండి, జవాబు వినగానే మీకే అర్థమైపోతుంది ఎవరి చేతిలో బండి పెడుతున్నారో.

బుష్ ఒక్కటే వేయాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా అంటే, బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వచ్చే మోడల్ అయి అది కూడా అరిగితే ఆర్మ్ మొత్తం మార్చేయడమే సుఖం. బాల్ జాయింట్ బాగుంటే ప్రెస్ మిషన్‌తో నొక్కించి బుష్ వేయించుకోవచ్చు, కాకపోతే కొన్ని బుష్‌లకి రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిక్కుకి ఉండాలో ముందే గుర్తు పెట్టుకుని అలాగే దించాలి. రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్‌తో చేసిన పాలీ బుష్‌లు వేస్తే ఎక్కువ కాలం వస్తాయంటారు, రావచ్చు, కానీ రోడ్డు మీది ప్రతి అదురూ లోపలికి తెస్తాయి, ఇంటి వాడకానికి నాకైతే నచ్చలేదు.

షాకర్ల సంగతి. మీద కొంచెం నూనె తడి, దుమ్ము పట్టి ఉంటే కంగారు అక్కర్లేదు, నూనె ధారలా కారుతుంటే మాత్రం పోయినట్టే. గతుకు దాటాక బండి ఆగకుండా ఊగుతుండటం, టైరు మీద చేత్తో తడిమితే ఎత్తుపల్లాలుగా అరిగి ఉండటం, ఇవి అసలైన గుర్తులు. మార్చాల్సి వస్తే ముందువి రెండూ లేదా వెనకవి రెండూ, ఒక్కటే ఎప్పుడూ వద్దు. ముందువైతే స్ట్రట్ (షాకరూ స్ప్రింగూ కలిసిన భాగం) ఎలాగూ దించుతున్నారు కాబట్టి పైన మౌంట్, దాని బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు చూసి అరిగినవి అప్పుడే వేయించేయండి, మళ్లీ దించే కూలి మిగులుతుంది. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ టంగుమంటుంటే అది దాదాపు ఆ బేరింగే. స్ట్రట్ విప్పే పని మాత్రం ఇంట్లో ప్రయోగం చేయకండి, స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో నొక్కి పెట్టకుండా మధ్య నట్టు విప్పితే అది ఎగిరొచ్చి మనిషిని తీసుకెళ్తుంది.

టై రాడ్ ఎండో ఆర్మో స్ట్రటో కదిపాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలి, ముందు కాదు. అరిగిన బుష్‌ల మీద అలైన్‌మెంట్ చేస్తే మిషన్ మీద అంకెలు బాగానే కనబడతాయి, బ్రేకు వేయగానే చక్రం దాని ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. లింక్ రాడ్ ఒక్కటే మార్చినప్పుడు మామూలుగా దాని అవసరం రాదు, అది కూడా కలిపి బిల్లు రాస్తే ఎందుకని అడగండి.