22 వేల అద్దె ఎంత అప్పును మోస్తుంది?

ప్రశ్న: మియాపూర్ దగ్గర పదేళ్లనాటి అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. ధర 70 లక్షలు. అద్దె 22 వేలు, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లదే. మా దగ్గర 22 లక్షలున్నాయి. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు 55 లక్షలు ఇస్తామని బ్యాంకు అంటోంది. అమ్మే ఉద్దేశం లేదు, అద్దెకిచ్చి ఉంచుకుంటాం. డాలస్‌లో ఉన్న మా బావగారేమో నెల అద్దె ధరలో ఒక శాతం ఉంటేనే కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బావగారి లెక్కన ఈ ఫ్లాటుకు నెలకు 70 వేలు రావాలి. ఆ షరతు పెట్టుకుని హైదరాబాద్‌లో తిరిగితే ఈ జన్మకు ఇల్లు దొరకదు. అయినా టెక్సాస్‌లో వచ్చే అద్దెలో పెద్ద ముక్క ఇంటి పన్నుకే పోతుంది. అక్కడి కొలత అక్కడికే.

మన లెక్క చూద్దాం. ఏజెంటు 3.8 శాతం రాబడి అని చెప్పే ఉంటాడు. 2.64 లక్షలను 70 లక్షలతో భాగిస్తే వచ్చేది అదే. కానీ మీకు ఫ్లాటు పడేది 70కి కాదు. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 5.25 లక్షలు. ఏజెంటు కమీషన్, బ్యాంకు ఖర్చులు, రంగులు, గీజర్లు కలిపితే 77 లక్షలకు చేరుతుంది. మీ 22 లక్షలూ అక్కడికి సరి. చేతిలో చిల్లిగవ్వ మిగలదు, ఇది నాకు అసలు నచ్చని సంగతి.

అద్దె కూడా పన్నెండు నెలలూ రాదు. ఏడాదికో నెల ఖాళీ అనుకోండి (చాలామంది ఈ నెలను లెక్కలో రాయనే రాయరు). ఆ నెల మెయింటెనెన్స్ మీదే. ఇంటి పన్ను, ప్లంబర్, కొత్తవాళ్లు దిగే ముందు రంగులు కూడా తీసేస్తే, నా అంచనాలో ఏడాదికి 2.05 లక్షలు మిగులుతాయి. 77 లక్షల మీద అది 2.7 శాతం. అప్పు మీద మీరు కట్టేది 8.5.

ఈఎంఐ సుమారు 47,700. చేతికొచ్చే అద్దె నెలకు 17 వేలు. ఆ 17 వేలు మోయగలిగేది 20 లక్షల అప్పును మాత్రమే. మిగతా 35 లక్షలను మోసేది మీ జీతం, నెలకు 30 వేల పైచిలుకు. అద్దె ఏటా 5 శాతం పెరుగుతూ పోయినా, అది ఈఎంఐని అందుకునేసరికి అప్పే తీరిపోతుంది!

పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త పన్ను విధానంలో, అద్దెకంటే వడ్డీ ఎక్కువై ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పాత విధానంలోనూ ఏడాదికి 2 లక్షలే పరిమితి.

ధర పెరుగుతుంది కదా అంటారు. మొదటి ఏడాది వడ్డీ దాదాపు 4.6 లక్షలు. అద్దె పోను 2.6 లక్షలు నష్టం. మీ 22 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీలో ఉంటే వచ్చే లక్షన్నరా పోయినట్టే, రెండూ కలిపి 4.1 లక్షలు. పన్నుల మాట పక్కన పెట్టినా, ఫ్లాటు ఏటా 6 శాతం పెరిగితేనే మీరు ఎఫ్‌డీ వేసినవాడితో సమానం. పైగా పదేళ్ల గోడలకు ధర పెరగదు, పెరిగేది కింది భూమికి. మీ వాటాకు ఎన్ని గజాలొస్తాయో అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

ఈ ధరకు, ఇంత అప్పుతో నేనైతే కొనను. అప్పు 30 లక్షలు దాటకుండా, ఆరు నెలల ఈఎంఐలు బ్యాంకులో పక్కన ఉంచుకుని కొనగలిగే రోజున మళ్లీ చూడండి. అప్పుడు కూడా టోకెన్ ఇచ్చే ముందు ఒక సాయంత్రం వాచ్‌మన్‌తో మాట్లాడండి. ఎన్ని ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి, ఎన్ని నెలలుగా, నీళ్ల ట్యాంకర్లు ఎప్పటినుంచి తెప్పిస్తున్నారు అని అడగండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) కాగితాలు లాయరు చూస్తారు, ఈ కబుర్లు మాత్రం ఆయన దగ్గర దొరకవు.